మూడు గూళ్లు, పదకొండుమంది దొంగలు

అనగనగా ఒక అడవిలో దొంగతనాల కంటే దొంగలు ఎక్కువైపోయారు.

నవ్వకండి పిల్లలూ, నిజంగానే. దోపిడీ జరిగిన గూళ్లు మూడు. దొంగలని పట్టుబడినవాళ్లు పదకొండుమంది. అదెలా కుదురుతుందని మీకు అనుమానం వచ్చిందా? వస్తే మీ బుర్రలు బాగానే పనిచేస్తున్నట్టు. ఆ అడవిలో అందరికీ బుర్రలున్నాయి గానీ, ఆ అనుమానం మాత్రం ఒక్కరికే వచ్చింది. ఆమె పేరు పుల్లమ్మ. పుల్లమ్మ ఒక ముళ్లపంది.

ముందు ఆ అడవి పద్ధతి చెబుతాను, లేకపోతే మీకు కథ అర్థం కాదు.

ఆ అడవికి పెద్ద నాంచారమ్మ అనే ముసలి ఏనుగు. పౌర్ణమి పౌర్ణమికీ సాయంత్రం పూట ఆమె ఒక వెడల్పాటి బండ మీద నిలబడి తగవులు తీర్చేది. దొంగల్ని పట్టే పని రేచుకుక్కలది. వాటి నాయకుడు జమేదారు కెంపయ్య. పట్టుకున్నవాళ్లను ఒక లోతైన రాతి గొయ్యిలో దించి, పైన ముళ్లకంప అడ్డం పెట్టేవారు. అదే వాళ్ల జైలు. దానికి కాపలా గంగులప్ప అనే ఎలుగుబంటి.

కెంపయ్య చెడ్డవాడని అనుకోకండి. లంచం ముట్టేవాడు కాదు. ఎవరినీ ఊరికే కొట్టేవాడు కాదు. అతనికున్న గర్వమల్లా తన ముక్కు మీదే. "ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు. నా ముక్కు మాత్రం చెప్పదు" అనేవాడు. ఆ కుక్కలకు ఒక ఆచారం ఉంది. ఫిర్యాదు వచ్చిన రోజున పొద్దుగూకేలోగా ఎవరో ఒకరిని పట్టుకురావాలి. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆ పూట గుంపంతా తోకలు దించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పడుకోవాలి. అంతకంటే అవమానం వాళ్లకు ఇంకొకటి లేదు.

"ఎవరో ఒకరిని" అన్నాను. గుర్తుపెట్టుకోండి.

సరే. ఒక సాయంత్రం రంగనాయకి అనే నెమలి పెట్ట గూట్లో సర్దుకుని కూర్చుంది. కడుపు కింద ఖాళీగా తగిలింది. లేచి చూస్తే గుడ్లలో రెండు లేవు. ఎప్పుడు పోయాయో తెలియదు. ఆమె అరిచిన అరుపుకు కొండ మీది కోతులు కూడా లేచి కూర్చున్నాయి.

కెంపయ్య తన గుంపుతో పరుగున వచ్చాడు. గూటి చుట్టూ నేలంతా వాసన చూశాడు. పక్కనున్న రాయి దగ్గర ఆగిపోయాడు.

"పునుగుపిల్లి!" అన్నాడు.

పునుగుపిల్లిని మీరు చూసి ఉండరు. పొడుగ్గా, మచ్చలతో, పిల్లికీ ముంగిసకూ మధ్యలో ఉంటుంది. దాని తోక కింద సంచిలాంటిది ఉంటుంది, అందులో ఘాటైన వాసన. పోయే దారిలో రాయి కనిపిస్తే రాయికి, చెట్టు కనిపిస్తే చెట్టుకు ఆ వాసన రాసిపోతుంది. "నేను ఇటు వచ్చాను" అని తనవాళ్లకు చెప్పడం అన్నమాట. పక్షి కూసినట్టే అదీ. అందులో తప్పేమీ లేదు.

అదే సమయానికి పుల్లమ్మ అటుగా వస్తోంది. ఆమె పని దుంపలు తవ్వడం. తవ్వినవాటిని వీపు మీది ముళ్లకు గుచ్చుకుని, గొయ్యిలో ఉన్నవాళ్లకు మనిషికొకటి చొప్పున ఇచ్చి రావడం. మనిషికి అన్నానా? నోరు జారింది. జంతువుకొకటి.

"పుల్లమ్మా, ఇలా రా. నీకేమైనా వాసన వస్తోందా?" అని అడిగాడు కెంపయ్య.

పుల్లమ్మ ముక్కు పెట్టి చూసింది. "వస్తోందన్నా. పునుగు వాసన" అంది.

"చాలు. నువ్వే సాక్షివి" అన్నాడు కెంపయ్య.

అప్పుడే నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చిన పునుగుపిల్లి ఒకటి ఎదురుపడింది. దాని పేరు కస్తూరి. దాన్ని పట్టుకున్నారు. ఇంకో ముగ్గురు కనిపిస్తే వాళ్లనూ పట్టుకున్నారు. నలుగురినీ గొయ్యిలో వేశారు.

కొన్నాళ్లకు అడవికోడి గూట్లో గుడ్డు పోయింది. అక్కడా పునుగు వాసనే. ఈసారి ముగ్గురు. మరికొన్నాళ్లకు కౌజుపిట్ట గూట్లో పోయింది. మళ్లీ అదే వాసన, ఈసారి నలుగురు.

ఇందులో ఇంకో చిక్కు వచ్చిపడింది. అది నిండు వేసవి. వాగుల్లో చిన్న చిన్న చెలమలే మిగిలాయి. నాంచారమ్మ తన మందను తీసుకుని దూరంగా ఉన్న చెరువుకు వెళ్లిపోయింది. పౌర్ణమి వచ్చింది, పోయింది. సభ జరగలేదు. సభ జరగకపోతే విచారణ లేదు. విచారణ లేకపోతే విడుదలా లేదు. గొయ్యిలో ఉన్నవాళ్లు గొయ్యిలోనే ఉన్నారు.

ఒకరోజు పుల్లమ్మ దుంపలు గుచ్చుకుంటూ గుచ్చుకుంటూ ఆగింది. వీపు బరువుగా ఉంది. ఎన్ని దుంపలో చూసుకుంది. పదకొండు.

"మూడు గూళ్లకు పదకొండు దుంపలేమిటి?" అనుకుంది.

చూశారా, అంత పెద్ద విషయం ఆమెకు వీపు నొప్పి వల్ల తట్టింది.

గొయ్యి దగ్గరికి వెళ్లి గంగులప్పను అడిగింది. "అన్నా, లోపలున్నవాళ్లంతా దొంగలేనా?"

గంగులప్ప ఆవలించాడు. "దొంగలు కాకపోతే లోపలెందుకుంటారమ్మా?"

"లోపలున్నారు కాబట్టి దొంగలా? దొంగలు కాబట్టి లోపలున్నారా?"

గంగులప్ప కాసేపు ఆలోచించాడు. తల నొప్పి పుట్టింది. "కావాలంటే దిగి నువ్వే అడుక్కో. నన్ను మాత్రం పడుకోనీ" అన్నాడు.

పుల్లమ్మ దిగింది. ఇన్నాళ్లూ దుంపలు పైనుంచి విసిరేసి వెళ్లిపోయేది. లోపల ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. రాళ్లు పెనంలా కాలుతున్నాయి. ఉన్న కాస్త నీడలో పదకొండుమంది ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. అందరి ఒళ్లకూ మట్టి, దుమ్ము. పుల్లమ్మకు సిగ్గేసింది. రోజూ తిండి పెడుతున్నాను కదా అని తృప్తిగా ఇంటికి పోయి పడుకునేది మరి.

ఆమె ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగింది.

"ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. వాసన చూశారు."

"ఎన్నాళ్లయింది?"

ఈ మూడో ప్రశ్నకు మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. పదిహేను రోజులని ఒకరు, ఇరవై నాలుగని ఒకరు. పుల్లమ్మ తన వీపు నుంచి రాలిన ముళ్లను ఏరి, మనిషికొకటి... సరే, జంతువుకొకటి చొప్పున నేలలో గుచ్చింది. 'ఎవరు చూశారు' అన్నదానికి ఎవరైనా ఒక పేరు చెబితే ఆ ముల్లును వంచాలనుకుంది. పదకొండు ముళ్లూ నిటారుగానే నిలబడ్డాయి.

వాళ్లలో అందరికంటే చివర అడిగింది కస్తూరిని.

"ఏం చేశావు?" అంది పుల్లమ్మ.

"కిందటేడు ఒక అడవికోడి గుడ్డు తిన్నానక్కా. ఆ సంగతి దాచను. దానికైతే నన్ను వేయమను, కూర్చుంటాను. రంగనాయకి గుడ్లు మాత్రం నేను ముట్టలేదు."

"ఎన్నాళ్లయింది?"

"ముప్పై ఆరు రోజులు. గుడ్డు దొంగతనానికి శిక్ష ఎంతో నీకు తెలుసా?"

"తెలుసు. పది రోజులు" అంది పుల్లమ్మ. అంటూనే నోరు మూసుకుంది. దొంగతనం చేసి ఉన్నా కస్తూరి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోవాలి! చేసిందో లేదో తేల్చడానికే ముప్పై ఆరు రోజులుగా కూర్చోబెట్టారు.

కస్తూరి మెల్లగా అంది. "ఆ రోజు వాసన వస్తోందని చెప్పింది నువ్వే కదక్కా."

"వచ్చింది కాబట్టి చెప్పాను. అబద్ధం చెప్పలేదే!"

"లేదు. నిజమే చెప్పావు. ఒక్క సంగతి చెప్పు. ఆ రాయి దగ్గర అంతకు ముందురోజు వాసన లేదా? వారం ముందు లేదా?"

ముందురోజు పుల్లమ్మ ఆ రాయిని వాసన చూడలేదు. ఎవరూ చూడలేదు. ఏమీ జరగని రోజున రాళ్లను వాసన చూస్తూ ఎవరు తిరుగుతారు?

"పోనీలే అక్కా. నల్లమద్ది చెట్టు కింద నా కూతురు జాజి ఉంటుంది. ఏం తింటోందో ఏమో, ఒక్కసారి చూసిరా" అంది కస్తూరి.

పుల్లమ్మ తిన్నగా నల్లమద్ది చెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక నల్లరాయి ఉంది. ఆ రాయిని కరుచుకుని పునుగు కూన పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"జాజీ, తొర్రలో పడుకోకుండా ఎండలో ఇక్కడెందుకమ్మా?" అంది పుల్లమ్మ.

"ఇక్కడ అమ్మ ఉందత్తా" అంది జాజి.

"ఏదీ?"

"రాయి మీద. చూడు."

పుల్లమ్మ వంగి ముక్కు పెట్టింది. గుప్పుమని వాసన కొట్టింది. నిన్న రాసినంత ఘాటుగా ఉంది. పుల్లమ్మ ఒంటిమీది ముళ్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

కస్తూరి ఈ రాయి దగ్గరికి వచ్చి ముప్పై ఆరు రోజులయింది. ఈ ముప్పై ఆరు రోజుల్లో ఒక్క చినుకు పడలేదు. వాసన అలాగే ఉండిపోయింది. అంటే రంగనాయకి గూటి పక్కనున్న వాసన ఆ రోజుదే కానక్కర్లేదు. నెల కిందటిది కావచ్చు. అడవిలో ఏ రాయి దగ్గర ముక్కు పెట్టినా ఏదో ఒక పునుగు వాసన వస్తుంది. గూడు పోయినా వస్తుంది, పోకపోయినా వస్తుంది!

తెలిసినందుకు పుల్లమ్మకు భలే సంతోషమేసింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే గుండె జారింది. ఎందుకంటే ఆ అడవిలో ఇంకో చట్టం ఉంది. సాక్ష్యం చెప్పి మాట మార్చినవాళ్లు, ఎదుటివాళ్లు ఎన్నాళ్లు గొయ్యిలో ఉన్నారో అన్నాళ్లూ తామూ ఉండాలి.

మర్నాడు నాలుగో గూడు పోయింది. అదీ రంగనాయకి మళ్లీ కట్టుకున్నదే, పాపం. కుక్కలు వచ్చాయి, వాసన చూశాయి, పన్నెండో పునుగుపిల్లిని పట్టుకున్నాయి.

పుల్లమ్మ కెంపయ్యకు అడ్డంగా నిలబడింది. "అన్నా, దొంగలు పదకొండుమందీ గొయ్యిలోనే ఉన్నారు కదా. మరి ఇప్పుడీ గుడ్డెవరు తీశారు?"

"అదే కదమ్మా నేననేది! ఇంతమందిని పట్టినా దొంగతనాలు ఆగడం లేదంటే అది ఎంత పెద్ద ముఠానో చూడు" అన్నాడు కెంపయ్య.

"పునుగులు కాకుండా వేరేవాళ్ల కోసం వెతికావా?"

"పునుగు వాసన దొరికాక వేరే వాసన ఎందుకు వెతకాలి? లోపలున్న పన్నెండుమందిలో పన్నెండుమందీ పునుగులే. ఇంకేం రుజువు కావాలి నీకు? పౌర్ణమికి నాంచారవ్వ వస్తోంది. ఈ పునుగు జాతిని మొత్తం కొండ అవతలికి తరిమేయమని అడగబోతున్నాను. పిల్లా జెల్లా అందరినీ."

కొండ అవతల చుక్క నీళ్లు లేవు. పెద్దవాళ్లు ఎలాగో బతుకుతారేమో. జాజిలాంటి కూనలు బతకవు.

నాకు ఇక్కడికి రాగానే ఒళ్లు మండుతుంది పిల్లలూ. కెంపయ్య వెతికేది పునుగుల్నే. కాబట్టి దొరికేది పునుగులే. దొరికేది పునుగులే కాబట్టి మళ్లీ వెతికేదీ పునుగుల్నే! గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతున్నాడు, పైగా చాలా దూరం వచ్చాననుకుంటున్నాడు.

పుల్లమ్మ ఆ రోజంతా తన బొరియలో కూర్చుంది. ఆమె నోరు మూసుకుంటే ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. రోజూ దుంపలు ఇచ్చి వస్తే చాలు. నోరు తెరిస్తే ఆ కాలే రాళ్ల మధ్య నలభై రోజులు. ఆమెకు భయమేసింది. భయపడలేదని చెప్పి మీకు అబద్ధం చెప్పను. కానీ కళ్లు మూసుకుంటే రాయిని కరుచుకున్న జాజే కనబడుతోంది.

పౌర్ణమి నాటి తెల్లవారుజామున ఏనుగుల మంద తిరిగొచ్చింది. అందరికంటే ముందు పుల్లమ్మ వెళ్లి నాంచారమ్మ ఎదుట నిలబడింది. వీపు నొప్పి దగ్గర మొదలుపెట్టి నల్లరాయి దాకా అంతా చెప్పింది.

నాంచారమ్మ చెవులు ఆడించడం ఆపేసి విన్నది. "మాట మారిస్తే ఏమవుతుందో తెలుసా?" అంది.

"తెలుసవ్వా."

"తెలిసీ వచ్చావా?"

"నేను చెప్పింది అబద్ధం కాదవ్వా. అడగాల్సిన ప్రశ్న అడగకుండా నిజం చెప్పాను. దానివల్ల ఒక పసిది తల్లి లేకుండా రాయిని పట్టుకుని పడుకుంటోంది."

"సాయంత్రం సభకు రా" అంది నాంచారమ్మ.

సాయంత్రమైంది. అడవి అంతా బండ చుట్టూ చేరింది. కెంపయ్య ఛాతీ విరుచుకుని తన కోరిక చెప్పాడు. నాంచారమ్మ తల ఊపింది.

"అలాగే కెంపయ్యా. దానికంటే ముందు ఒక పని చేసిపెట్టు. నిన్న మూడు చోట్ల గుడ్లు పోయాయి. చింతచెట్టు కింద, వాగు ఒడ్డున, నల్లమద్ది కింద. ఆ దొంగల్ని మా అందరి ముందూ పట్టుకురా."

"ఎంతసేపు!" అన్నాడు కెంపయ్య.

మొదట చింతచెట్టు కింద వాసన చూశాడు. ముక్కు నేలకు ఆనించి గబగబా నడిచాడు. జనం మధ్యలోంచి దూరి, నేరుగా నాంచారమ్మ కాళ్ల దగ్గరికే వచ్చాడు. అక్కడ చెంచయ్య అనే ముసలి గుడ్డి పునుగుపిల్లి ముడుచుకుని ఉంది. "ఇతనే!" అన్నాడు.

"చెంచయ్య నాలుగు రోజుల కిందట చెరువు దగ్గర నన్ను కలిశాడు. కళ్లు కనబడవని నేనే వెంట తెచ్చుకున్నాను, ఈ పొద్దున ఆ చింతచెట్టు మీదుగానే వచ్చాం. నిన్నంతా నా కాళ్ల దగ్గరే ఉన్నాడు. సరే, రెండోది చూడు" అంది నాంచారమ్మ.

కెంపయ్య కాస్త తడబడ్డాడు. వాగు ఒడ్డుకు వెళ్లాడు. అక్కడి పెద్ద రాయిని వాసన చూశాడు. ఈసారి దారి గొయ్యి వైపు తీసింది. గొయ్యి పక్కన గంగులప్ప కునుకుతున్నాడు. కెంపయ్య అతని చుట్టూ రెండుసార్లు తిరిగి, తనకే నమ్మకం కుదరక, గొంతు తగ్గించి అన్నాడు. "ఇతను... పునుగు వాసన వస్తున్నాడు."

గంగులప్ప ఉలిక్కిపడి లేచాడు. "నేనా? పన్నెండుమంది పునుగులకు కాపలా కాస్తుంటే మల్లెపూల వాసన వస్తుందా నాకు? నీళ్లకు పోయినప్పుడల్లా ఆ రాతికి వీపు గోక్కుంటాను. అదీ నేరమేనా?"

సభలో కిచకిచలు మొదలయ్యాయి. కెంపయ్య చెవులు వాలిపోయాయి. మూడోదైనా దక్కించుకోవాలని నల్లమద్ది కిందికి పరిగెత్తాడు. అక్కడి నల్లరాయి వాసన చూడగానే అతని తోక లేచింది. ఈసారి అనుమానం లేదు, అంత ఘాటుగా ఉంది! నేల వాసన పట్టుకుని, ఎక్కడా తల ఎత్తకుండా, ఒక్క పరుగున వెళ్లి ముళ్లకంపను గోళ్లతో గీరాడు.

"దొంగ ఇక్కడుంది అవ్వా! ఈ దారిన వచ్చి లోపల దాక్కుంది!"

లోపలి నుంచి కస్తూరి గొంతు వినబడింది. "ఇక్కడే ఉన్నాను జమేదారు గారూ. నలభై రోజులుగా ఇక్కడే ఉన్నాను. ఆ దారిన నన్ను ఈడ్చుకొచ్చింది మీరే కదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాంచారమ్మ అంది. "కెంపయ్యా, ఆ మూడు చోట్లా గూడే లేదు. గుడ్డే పోలేదు. ఏమీ జరగని చోట నువ్వు ముగ్గురు దొంగల్ని పట్టావు."

కెంపయ్య నేల మీద కూలబడ్డాడు. "అయితే నా ముక్కు అబద్ధం చెప్పిందా అవ్వా?"

"లేదు నాయనా. ఇటు ఎవరు వచ్చారో నీ ముక్కు చెప్పింది, అది నిజమే. ఎప్పుడు వచ్చారో, వచ్చి ఏం చేశారో మాత్రం నీ ముక్కు చెప్పలేదు. అది నువ్వు కల్పించుకున్నావు."

ఆ తర్వాత ఆమె తొండం దించి, అందరికీ వినబడేలా ఇంకో మాట అంది. "తప్పు నాది కూడా. నీళ్ల కోసం వెళ్లి సభ మరిచాను. నేను చెరువులో మునకలేస్తుంటే, పది రోజులే శిక్ష పడే తప్పుకు వీళ్లు నలభై రోజుల దాకా ఎండలో కూర్చున్నారు. ఇకమీదట నేను రాలేకపోతే నా చెల్లెలు సభ నడుపుతుంది. ఉత్తచేతులతో తిరిగొచ్చినందుకు ఏ కుక్కా తోక దించుకోనక్కర్లేదు. తెలియకపోతే తెలియలేదని చెప్పండి. అది అవమానం కాదు."

తానే తొండంతో ముళ్లకంప లాగి పడేసింది. పన్నెండుమందీ బయటికొచ్చారు.

"ఇక పుల్లమ్మ సంగతి" అంది నాంచారమ్మ. "సాక్ష్యం మార్చినవాళ్లకు చట్టం ఉంది. నలభై రోజులు."

పుల్లమ్మ తల వంచుకుని గొయ్యి వైపు నడిచింది. కస్తూరి అడ్డం వచ్చింది.

"అవ్వా, ఈమె నలభై రోజులు కూర్చుంటే నా నలభై రోజులు నాకు తిరిగొస్తాయా? రావు. ఈ గొయ్యిలోకి దిగి 'ఏం చేశావు' అని మమ్మల్ని అడిగింది ఈమె ఒక్కతే. కావాలంటే రోజూ దిగి అడగమను. లోపల ఎవరున్నారో, ఎవరు చూశారో, ఎన్నాళ్లయిందో పౌర్ణమి పౌర్ణమికీ నీకు చెప్పమను. శిక్షంటే అదే శిక్ష."

నాంచారమ్మ ఒప్పుకుంది. నలభై రోజులన్నారు గానీ, పుల్లమ్మ తర్వాత కూడా ఆ పని మానలేదు. ఆమెకు ప్రశ్నలంటే అంత ఇష్టం.

గుడ్ల దొంగ ఎవరో తెలియాలని మీకు ఉంటుంది, నాకు తెలుసు. అతన్ని పట్టింది కెంపయ్యే. ముక్కును కాస్త పక్కనపెట్టి, కళ్లు తెరుచుకుని, మూడు రోజులు రంగనాయకి గూటి దగ్గర పొదలో పడుకున్నాడు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం రంగనాయకి నీళ్లకు వెళ్లింది. ఆ వేళకు పునుగుపిల్లులన్నీ తొర్రల్లో గుర్రుపెట్టి నిద్రపోతుంటాయి. పైకొమ్మ మీంచి ఒక జెముడుకాకి దర్జాగా దిగి, గుడ్డు పొడుచుకు తిని, మూతి తుడుచుకుని ఎగిరిపోయింది. ఇన్నాళ్లూ అందరూ నేల వాసన చూశారే గానీ, ఒక్కరూ తలెత్తి పైకి చూడలేదు. కెంపయ్య కళ్లారా చూశాడు కాబట్టి జెముడుకాకిని సభకు పిలిపించి విచారించారు. పది రోజులు శిక్ష వేశారు. పదకొండో రోజు వదిలేశారు.

అయితే సభ జరిగిన ఆ సాయంత్రానిది ఒకటి మిగిలింది. అది చెప్పకపోతే నాకు మనసొప్పదు.

సభ ముగియగానే కస్తూరి పరుగున నల్లమద్ది చెట్టు దగ్గరికి వెళ్లింది, వెనకే పుల్లమ్మ. "జాజీ!" అని పిలిచింది. జాజి చూసింది. మట్టి, దుమ్ము, పన్నెండుమంది కలిసిన వాసన. ఒంటిమీద ఎముకలు తప్ప ఏమీ లేవు. జాజి బెదిరిపోయి వెనక్కి గెంతి, పుల్లమ్మ పక్కన నక్కింది.

"అత్తా, ఎవరత్తా ఈవిడ?" అంది.

పుల్లమ్మకు ఏడుపొచ్చింది. ఏ వాసనను పట్టుకుని ఈ తల్లిని గొయ్యిలో వేశారో, ఆ వాసననే నలభై రోజుల్లో తుడిచిపెట్టేశారు.

కస్తూరి కూతురి వైపు వెళ్లలేదు. మెల్లగా నల్లరాయి దగ్గరికి నడిచింది. తోక పక్కకు తీసి, తన పాత గుర్తు మీదే ఇంకొకసారి రాసింది. రాసి, దూరంగా జరిగి కూర్చుంది.

జాజి చాలాసేపు చూసింది. ఒక్కో అడుగే వేసుకుంటూ రాయి దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. తలెత్తి కస్తూరిని చూసింది. మళ్లీ రాయిని వాసన చూసింది.

"అమ్మా, ఇంతసేపు ఎక్కడికి పోయావే?" అంది.

నీతి: ఎవరి జాడ దొరికితే వాళ్లే దొంగలని తేల్చకూడదు, ఏమీ జరగని చోట కూడా ఆ జాడ ఉందేమో ముందు చూడాలి.